కోడి రామ్మూర్తి: గుండెపై ఏనుగును మోసిన సిక్కోలు వీరుడు.. ఆ బలం కండల్లో ఉందా? ఊపిరిలో ఉందా?

వంశధార గట్టున ఉన్న శ్రీముఖలింగం వెళ్తే మూడు పాత శివాలయాలు కనిపిస్తాయి. మధుకేశ్వరాలయం, సోమేశ్వరాలయం, భీమేశ్వరాలయం. తూర్పు గాంగులు ఏలిన కళింగ నగరం ఇదేనని చరిత్రకారులు చెబుతారు. శివరాత్రి వచ్చిందంటే సిక్కోలు పల్లెల్లో సగం జనం ఇక్కడే ఉంటారు. అయితే ఈ చుట్టుపక్కల ఎవరైనా పెద్దాయన కలియుగ భీముడు అన్నాడంటే.. అది గుడిలో దేవుడి మాట కాదు. ఆయన చెబుతున్నది కోడి రామ్మూర్తి నాయుడి గురించి!

ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు.. గోల్ఫ్ ఆడేవాళ్లు నడుము తిప్పే కసరత్తులు, క్రికెటర్లు భుజాలు సాగదీసే వీడియోలు, గద తిప్పే రీల్స్ వరుసగా వస్తూనే ఉంటాయి. అన్నింటిలోనూ చెప్పేది ఒకటే. బలం ఒక్కటే ఉంటే సరిపోదు, ఒళ్లు వంగాలి, ఊపిరి అదుపులో ఉండాలి. ఇదేదో కొత్త విషయం అనుకుంటున్నారా? వందేళ్ల కిందటే మన ఉత్తరాంధ్ర వ్యక్తి ఒకరు దీన్నే ఊరూరా చేసి చూపించారు. ఇంతకీ ఎవరాయన? ఆ బలం ఎలా వచ్చింది? చివరికి ఏమైంది?

వీరఘట్టం కుర్రాడు.. విజయనగరం గరిడీ

శ్రీముఖలింగం నుంచి పడమటి వైపు వెళ్తే, పాలకొండ దాటాక వీరఘట్టం వస్తుంది. నిన్నమొన్నటి దాకా శ్రీకాకుళం జిల్లా. 2022లో జిల్లాలు మార్చాక పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. 1880ల మొదట్లో రామ్మూర్తి పుట్టింది ఇక్కడే. తండ్రి పేరు వెంకన్న నాయుడు. చిన్నప్పుడే తల్లి చనిపోయింది. అమ్మ లేని పిల్లాడు అల్లరిగా తిరుగుతున్నాడని తండ్రి అతన్ని విజయనగరంలోని పినతండ్రి నారాయణస్వామి ఇంటికి పంపించారు.

ఆ నిర్ణయమే కుర్రాడి జీవితాన్ని మార్చేసింది. చదువు పెద్దగా ఒంటబట్టలేదు కానీ, వ్యాయామశాల మాత్రం బాగా ఒంటబట్టింది. అప్పట్లో విజయనగరం అంటే సంగీతం, సాహిత్యమే కాదు.. కుస్తీ, కర్రసాములకు కూడా పేరున్న ఊరు. పొద్దున్నే గరిడీలో మట్టి తవ్వడం, ఆ మట్టిలోనే దండీలు, బస్కీలు తీయడం, బరువులు ఎత్తడం.. ఇదీ రోజువారీ పని. ఇరవై ఏళ్లు దాటేసరికి ఛాతీ మీద టన్నున్నర బరువు మోసే స్థాయికి చేరారని చెబుతారు. తర్వాత అది రెట్టింపు అయింది.

కుర్రాడి ఆసక్తి చూసిన పినతండ్రి అతన్ని మద్రాసు పంపించారు. సైదాపేటలో ఏడాది పాటు వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరం తిరిగొచ్చి హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేరారు. అంటే రామ్మూర్తి మొదట సర్కస్ వీరుడు కాదు.. డ్రిల్లు మాస్టారు!

అసలు ఆ కసరత్తులో ఏముంది?

ఇక్కడే అసలు విషయం ఉంది. మన పాత గరిడీల్లో బలానికి ఒక కసరత్తు, ఒళ్లు వంగడానికి మరో కసరత్తు అని విడిగా ఉండేవి కావు. రెండూ ఒక్కదాంట్లోనే కలిసి ఉండేవి.

ఉదాహరణకు దండీ చూడండి. చేతులు, కాళ్లు నేల మీద ఆనించి నడుము పైకి లేపినప్పుడు తొడల వెనక నరాలు, పిక్కలు సాగుతాయి. అక్కడి నుంచి ఛాతీని నేలకు రాసుకుంటున్నట్టు కిందకు తెచ్చి, తల పైకెత్తినప్పుడు వెన్నెముక వెనక్కి వంగుతుంది, పొట్ట సాగుతుంది. ఇదంతా జరుగుతున్నంత సేపూ భుజాలు, చేతులు ఒంటి బరువును మోస్తూనే ఉంటాయి. మామూలు పుషప్‌లో వీపు కర్రలా బిగిసి ఉంటుంది. దండీలో పాములా కదులుతుంది. తేడా అక్కడే.

బస్కీ కూడా అంతే. పూర్తిగా కిందికి కూర్చుని లేవాలి. తుంటి, మోకాలు, చీలమండ మూడూ పూర్తిగా కదలాలి. ఇక కర్ర గదలు తిప్పడం అంటే.. భుజం చుట్టూ బరువు తిరుగుతుంటే పాదాలు నేలను పట్టుకోవాలి, నడుము కుదురుగా ఉండాలి, వీపు మెలి తిరగాలి.

గోల్ఫ్ బంతిని దూరం కొట్టేవాడు చేసేది కూడా ఇంచుమించు ఇదే! బలం చేతుల్లోంచి పుట్టదు. పాదాల దగ్గర మొదలై, తుంటి తిరిగి, నడుము మీదుగా వీపుకు, భుజాలకు చేరి, చివర్లో చేతిలోకి వస్తుంది. మధ్యలో ఏ ఒక్కటి బిగుసుకుపోయినా ఆ భారం నడుం మీదే పడుతుంది. విశాఖలోని ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ 1884లో మొదలైంది. అప్పటికి రామ్మూర్తి ఇంకా పసివాడు. అక్కడ దొరలు కర్రతో బంతి కొడుతుంటే, ఇక్కడ గరిడీల్లో మనవాళ్లు గద తిప్పుతున్నారు. ఆటలు వేరు, ఒంటికి కావాల్సింది మాత్రం ఒకటే.

ఇంకో సంగతి. మన గదలు తిప్పే కసరత్తును చూసి బ్రిటిష్ సైన్యం కూడా నేర్చుకుంది. అలా ఐరోపా, అమెరికా చేరిన ఆ విద్య 1904, 1932 ఒలింపిక్స్‌లో ఏకంగా పోటీగా జరిగింది. ఇవాళ రీల్స్‌లో తిరుగుతున్న గద అలా ప్రపంచమంతా తిరిగి మళ్లీ మన ఫోన్లోకే వచ్చిందన్న మాట!

గొలుసు తెగింది.. కారు ఆగింది

విజయనగరంలో పెద్దల సాయంతో రామ్మూర్తి సొంతంగా సర్కస్ కంపెనీ పెట్టారు. ఆ డేరా దేశమంతా తిరిగింది. జనం ఎగబడి చూసింది మాత్రం ఆయన్నే.

ఛాతీకి ఇనుప గొలుసు చుట్టించుకునేవారు. నెమ్మదిగా ఊపిరి పీల్చి, బిగబట్టి, ఒక్కసారిగా ఒంటిని పొంగించేసరికి గొలుసు తెగిపడేది. రెండు కార్లను రెండు చేతులకు కట్టించుకుని, అవి ముందుకు లాగుతుంటే కదలకుండా నిలబడేవారు. అన్నిటికన్నా పెద్దది ఏనుగు విన్యాసం. నేల మీద పడుకుని, ఛాతీపై చెక్క పలక వేయించుకుని, దాని మీదకు ఏనుగును ఎక్కించేవారు. ఆసియా ఏనుగు అంటే తక్కువలో తక్కువ రెండున్నర, మూడు టన్నులు ఉంటుంది!

ఇది మాయా? మంత్రమా? రెండూ కాదు. పలక వేయడం వల్ల బరువు ఒకేచోట గుచ్చుకోకుండా ఒంటి మీద పరుచుకుంటుంది. ఊపిరితిత్తుల నిండా గాలి పట్టి, గొంతు దగ్గర బిగించి, పొట్ట కండరాలు బిగబడితే మొండెం గాలి నింపిన టైరులా గట్టిపడుతుంది. బరువులెత్తే ఆటగాళ్లు ఇవాళ్టికీ లిఫ్ట్‌కు ముందు చేసేది ఇదే. కాకపోతే ఎవరైనా చేసేయొచ్చా అంటే.. అస్సలు కాదు. ఏళ్ల తరబడి ప్రాణాయామం, ఏళ్ల తరబడి కసరత్తు చేసిన ఒళ్లు అది. ఒక్క క్షణం ఊపిరి జారినా ప్రాణం పోయేదే. పైగా ఊపిరి బిగబడితే రక్తపోటు అమాంతం పెరుగుతుంది. ఇంట్లో ఎవరూ ప్రయత్నించొద్దు.

మరో ఆశ్చర్యం.. రామ్మూర్తి శాకాహారి. బలం రావాలంటే మాంసం తప్పదనే మాటకు ఆయన శరీరమే జవాబుగా నిలిచింది.

లండన్ దాకా..

అప్పట్లో ప్రపంచంలో బలవంతుడంటే యూజెన్ శాండో పేరే చెప్పేవారు. 1904-05లో శాండో మన దేశానికి కూడా వచ్చి ప్రదర్శనలు ఇచ్చాడు. తెల్లవాళ్లే బలవంతులు, మనవాళ్లు బలహీనులు అన్న ప్రచారం గట్టిగా ఉన్న రోజులవి. అలాంటి టైంలో ఒక తెలుగువాడు గొలుసులు తెంపుతుంటే చూసిన జనానికి అది వట్టి సర్కస్ కాదు. తమ మీద తమకు పోయిన నమ్మకం తిరిగి రావడం. అందుకే ఆయన్ని ఇండియన్ శాండో అన్నారు. కలియుగ భీమ, మల్ల మార్తాండ అనే బిరుదులూ వచ్చాయి. 1910లో గామా పహిల్వాన్ లండన్ వెళ్లి కుస్తీలో సత్తా చూపించిందీ ఇదే కాలంలోనే.

మదన్ మోహన్ మాలవీయ ప్రోత్సాహంతో రామ్మూర్తి కూడా విదేశాలకు బయల్దేరారని చెబుతారు. లండన్‌లో జార్జి చక్రవర్తి, మేరీ రాణి ఆయన ప్రదర్శన చూసి ఇండియన్ హెర్క్యులస్ అని మెచ్చుకున్నారనేది ఉత్తరాంధ్రలో ఇంటింటా చెప్పుకునే కథ. స్పెయిన్‌లో ఎద్దుల పోటీలో దిగి, ఎద్దును కొమ్ములు పట్టి నిలువరించారని కూడా చెప్పుకుంటారు. తరతరాలుగా చెప్పుకునే కథల్లో కొంత రంగు చేరుతుంది. అది సహజం. కానీ వీరఘట్టం కుర్రాడి పేరు దేశం నలుమూలలా మోగిందన్నది మాత్రం కాదనలేని నిజం.

చివరి రోజులు.. ఇక్కడే గుండె బరువెక్కుతుంది

సంపాదించింది లక్షల్లో. అయితే అడిగినవాళ్లకు లేదనకుండా ఇచ్చేశారు. మిగుల్చుకున్నది తక్కువే.

ఆ తర్వాత కాలి మీద పుండు లేచింది. మానలేదు. చివరికి కాలు తీసేయాల్సి వచ్చింది. మత్తుమందు వద్దని, ఊపిరిని అదుపులో పెట్టుకునే ఆ ఆపరేషన్ భరించారని చెబుతారు. ఒక్కసారి ఆలోచించండి. రెండు కార్లు లాగినా కదలని కాళ్లవి. వాటిలో ఒకటి పోయింది. వేలమంది చప్పట్ల మధ్య నిలబడ్డ మనిషి ఊతం లేకుండా నిలబడలేని స్థితికి వచ్చారు.

చివరి రోజులు సొంతూళ్లో కూడా గడవలేదు. ఒడిశాలోని బలంగీర్‌లో, అక్కడి పట్నా సంస్థానం రాజు ఆదరణలో గడిచాయి. 1942 జనవరి 16న ఆయన కన్నుమూశారు. సంక్రాంతి పండగ వెళ్లీవెళ్లగానే.. సిక్కోలు పల్లెల్లో కుర్రాళ్లు సంగిడి రాళ్లు ఎత్తి పందేలు కాసే రోజుల్లోనే!

ఆయన పోయారు.. మరి ఆ బలం?

విశాఖ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ఉంది. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. కానీ రామ్మూర్తి వారసత్వం రాతి విగ్రహంలో లేదు.

శ్రీముఖలింగం వెళ్లేవాళ్లలో చాలామంది రైలు దిగేది ఆమదాలవలసలోనే. అదే మండలంలోని ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జర్క్‌లో 130 కిలోలు, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ ఆవిడే. విజయనగరం జిల్లా కొండవెలగాడలో ఇప్పటికీ వీధివీధినా వెయిట్‌లిఫ్టర్లు తయారవుతున్నారు. ఎత్తే ముందు గుండె నిండా గాలి పీల్చి బిగబట్టే ఆ ఒక్క క్షణంలో.. డ్రిల్లు మాస్టారు రామ్మూర్తి కనిపిస్తారు.

జిమ్‌కి వెళ్లి నెలలో కండలు రావాలనుకునే కుర్రాళ్లకు, సెలవు రోజు ఒక్కసారే గ్రౌండ్‌కెళ్లి నడుం పట్టేసిందని వచ్చే నడివయసు వాళ్లకు ఆయన జీవితం చెప్పేది ఒకటే. ఏనుగు విన్యాసం కాదు మనం నేర్చుకోవాల్సింది.. దాని వెనకున్న పొద్దుటి దండీ, బస్కీ. పది తీసినా చాలు. ఒళ్లు వంగేలా, ఊపిరి ఆపకుండా, రోజూ తీయాలి. బీపీ, గుండె జబ్బు, నడుం నొప్పి ఉన్నవాళ్లు మాత్రం ముందు డాక్టర్ని అడిగి మొదలుపెట్టండి.

ఈసారి శ్రీముఖలింగం వెళ్తే భీమేశ్వరుడికి దండం పెట్టుకుని, అటు నుంచి అటే వీరఘట్టం కూడా చూసి రండి. మరో భీముడు పుట్టిన ఊరది!