అందరికీ అమ్మ హిల్డా

ముప్పై దాటాక ఇక కొత్తగా చేసేదేముంటుందిలే అనుకుంటాం మనలో చాలామందిమి. పిల్లల్ని బడికి పంపి, వంటింటి గట్టు తుడుచుకుని తొలి కథ రాయడానికి కూర్చున్నప్పుడు నాకూ అదే సంకోచం. అలాంటి రోజుల్లోనే హిల్డా జీవితం చదివాను.

హిల్డా 614లో, ఇంగ్లండు ఉత్తరాన ఉన్న నార్తంబ్రియా రాజవంశంలో పుట్టింది. పసితనంలోనే తండ్రికి ఎవరో విషం పెట్టి చంపేశారు. పదమూడో ఏట, 627లో, బంధువైన ఎడ్విన్ రాజుతోపాటు తనూ బాప్తిస్మం తీసుకుంది. ఏడేళ్లు తిరక్కుండానే ఆ రాజూ యుద్ధంలో పోయాడు. ఆమె ముప్పై మూడేళ్ల వరకు సంసారుల మధ్యనే గౌరవంగా బతికిందని, 731లో చరిత్ర రాసిన బీడ్ ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఆడవాళ్ల బతుకు సగం అలా ఒక్క మాటలో సరిపెట్టడం అప్పుడూ ఉందన్నమాట!

అసలు కథ ఆ తర్వాతే. 647లో సన్యాసం తీసుకుని, అక్కచెల్లెళ్లలో ఒకరున్న ఫ్రాన్సు మఠానికి బయల్దేరబోయింది. ఎయిడన్ అనే బిషప్పు వెనక్కి పిలిచి, వేర్ నది ఒడ్డున కొంచెం నేల ఇప్పించాడు. తర్వాత హార్టిల్‌పూల్ మఠం బాధ్యత, 657లో విట్బీ మఠం ఆమె చేతికొచ్చాయి. అక్కడ మగవాళ్లూ ఆడవాళ్లూ కూడా ఆమె మాటకే కట్టుబడేవారు. ఉన్నవాళ్లు, లేనివాళ్లు అన్న తేడా లేదు, అన్నీ అందరివీ. ఆమె దగ్గర చదువుకున్నవాళ్లలో అయిదుగురు బిషప్పులయ్యారు. రాజులు సైతం సలహాకి వచ్చేవారు.

నాకు బాగా నచ్చింది మాత్రం పశువుల కాపరి కేడ్మన్ సంగతి. విందుల్లో పాడే వంతు తనదాకా వస్తుందని తెలియగానే లేచి ఇంటికెళ్లిపోయేవాడట. ఓ రాత్రి కలలో పాట కట్టాడు. అది విన్న హిల్డా, చదువు లేనివాడని తీసిపారేయలేదు. పండితుల ముందు పాడించింది, మఠంలో చేర్చుకుని చదువు చెప్పించింది. పేరు తెలిసిన ఇంగ్లీషు కవుల్లో మొదటివాడు అతనే.

ఆమెకి ఓటమీ తప్పలేదు. ఈస్టరు పండుగ ఏ రోజు జరపాలన్న తగవు తీర్చడానికి 664లో ఆమె మఠంలోనే సభ జరిగింది. ఆమె ఐర్లండు పద్ధతి వైపు నిలిచింది. ఆస్వియు రాజు రోము వైపు తీర్పిచ్చాడు. అలిగి వెళ్లిపోలేదు హిల్డా. మరో పదహారేళ్లు ఆ మఠాన్నే నడిపింది.

చివరి ఆరేళ్లూ జ్వరం వదల్లేదు. అయినా బోధించడం మానలేదు. 680 నవంబరు 17న, అరవై ఆరో ఏట కన్నుమూసింది. తెలిసినవాళ్లంతా ఆమెని అమ్మా అనే పిలిచేవారట.

సరిగ్గా సగం జీవితం అయ్యాక మొదలైన పని అది. ఇది తెలిశాక నేను వయసు లెక్కపెట్టుకోవడం మానేసి, కథ పూర్తిచేశాను. మరి మీరో?