వనపాలకుడు క్లెగ్‌హార్న్

పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ శ్రీహరికోట యను దీవి కలదు. చిరకాలము నెల్లూరు జిల్లాలో నుండి, 2022లో తిరుపతి జిల్లాలో చేరిన యీ దీవి పేరు వినగానే నేడు ఆకాశమున కెగయు రాకెట్లు తలపునకు వచ్చును. పూర్వము దాని ప్రసిద్ధి వేరు. అది చెన్నపట్టణమునకు వంటచెరకు నందించు అడవి. 1835లో దొరతనమువారు దానిని వశపరచుకొన్నది ఆ కట్టెల కొరకే. పాల, నేరేడు మొదలగు చెట్లను నరికించి, పడవలలో సరస్సు మీదుగను కాలువ మీదుగను పట్టణమునకు చేర్చుచుండిరి. ఆ కాలువకే పిమ్మట బకింగ్‌హాం కాలువ యను పేరు వచ్చినది.

విద్యుత్తు లేని ఆ దినములలో కట్టెయే శక్తి. పేదవాని పొయ్యికి, ఇటుకల ఆవమునకు, సున్నపు బట్టీకి అదియే ఆధారము. ఇంతలో 1856 జూలై 1వ తేదీన రాయపురము నుండి ఆర్కాటు వైపునకు దక్షిణదేశపు మొదటి రైలు కదలెను. ఇంజనులో మండించుటకు కట్టెలు, పట్టాల క్రింద పరచుటకు దుంగలు లెక్కకు మిక్కిలిగ కావలసి వచ్చెను. కొండలపై గొడ్డళ్ల చప్పుడు హెచ్చెను. ఆ సంవత్సరము డిసెంబరు 19వ తేదీననే మద్రాసు ప్రభుత్వము అడవుల రక్షణకొక అధికారిని నియమించెను. ఆయనయే డాక్టరు హ్యూ క్లెగ్‌హార్న్.

ఈయన స్కాట్లండు దేశీయుడే యైనను పుట్టినది చెన్నపట్టణముననే, 1820 ఆగస్టు 9వ తేదీన. నాలుగేండ్ల ప్రాయమున తాతగారి యింటికి స్కాట్లండు పంపబడెను. ఎడింబరోలో వైద్యము చదివి 1842లో కంపెనీ వైద్యుడుగా మరల చెన్నపట్టణము చేరెను. కొంతకాలము మైసూరు సీమలోని షిమోగాలో పనిచేసెను. రోగులను చూచుట యటుండ, అచట దినమునకొక మొక్కను తెచ్చి పరీక్షించుట ఆయనకు నియమమయ్యెను. ఈ దేశపు చిత్రకారులచేత వాని బొమ్మలు వ్రాయించెను. తరువాతి కాలమున చెన్నపట్టణములో ఈ పనికి తోడ్పడిన వారిలో గోవిందు అను నేర్పరి యొకడు.

ఆరోగ్యము చెడి 1848లో స్వదేశమున కేగిన క్లెగ్‌హార్న్ అచటను ఊరకుండలేదు. ఉష్ణదేశములలో అడవులు నశించినచో కలుగు ఫలితములను విచారించుటకు బ్రిటనులోని విజ్ఞానవేత్తలు ఒక సంఘము నేర్పరచిరి. ఆ సంఘము పక్షమున 1851లో ఈయన నివేదిక సమర్పించెను. కొండమీది అడవి వాననీటిని ఆకులతో, వేళ్లతో, మెత్తని మన్నుతో పట్టియుంచి మెల్లమెల్లగా ఊటలకు విడుచును. చెట్లు పోయినచో నీరు ఒక్క ఉరుకున దిగును. దానితో మన్నును కొట్టుకొనిపోవును. వానకాలమున వరద, వేసవిలో ఎండిన వాగు! ఈ నష్టము కొండలతో ఆగదు. పెన్న, స్వర్ణముఖి, కాళంగి నదులు పడమటి కొండల నీటిని తెచ్చియే గదా నెల్లూరు తీరపు పొలములను తడుపుచున్నవి!

తిరిగివచ్చి చెన్నపట్టణపు వైద్యకళాశాలలో వృక్షశాస్త్రము బోధించుచుండగా పైన చెప్పిన యుద్యోగము లభించెను. అది కత్తిమీద సాము. కట్టెలు ఇయ్యనన్నచో పట్టణము పస్తుండును, రైలు నిలిచిపోవును. అడిగినన్ని ఇచ్చినచో వాగులెండును. నీలగిరులలో ఈ చిక్కు స్పష్టముగా కనబడెను. ఉదకమండలము, కూనూరు పెరిగినకొలది కొండమడతలలోని చిన్న యడవులు వంటచెరకై తరిగిపోవుచుండెను. ఊటల చుట్టునున్న చెట్లను ముట్టరాదనియు, పొయ్యికి కావలసిన కట్టెను వేరుగా నాటి పెంచవలయుననియు క్లెగ్‌హార్న్ తలచెను. త్వరగా పెరుగు ఆస్ట్రేలియా తుమ్మలు, నీలగిరి తైలపు చెట్లు ఆ యక్కరకు పనికివచ్చినవి. ఆ తుమ్మలే కాలక్రమమున అదుపుతప్పి, పచ్చికబయళ్లను కప్పివేసి నేటికిని బాధించుచున్నవి. మందు కూడ మితిమీరిన విషమగునని వైద్యుడైన ఆయనకు తెలియనిది కాదు. కాని ఇంతదూరము ఎవరూహింపగలరు?

సముద్రతీరపు సంగతి వేరు. అచట నరికిన చెట్ల మోళ్లు చిగిర్చును. ఒక భాగము నరికి, తక్కినవానిని పెరుగనిచ్చినచో కట్టె తరుగదు. చెడిపోవుటకు కొండ ఊటలును అచట లేవు. ఆ శతాబ్ది ఉత్తరార్ధమున తీరపు టిసుకనేలలో సరుగుడు తోటలు వ్యాపించి, పట్టణపు పొయ్యిలకు కట్టెల నందించినవి.

ఈయన చర్యలన్నియు మెచ్చదగినవి కావు. కొండలపై అడవిని కాల్చి పైరు వేయు కుమరి సేద్యమును, మన పోడు వంటిదానిని, ఆయన తీవ్రముగా నిరసించెను. 1860లో ప్రభుత్వము దానిని అరికట్టగా ఎన్నియో కొండ కుటుంబములకు జీవనము పోయెను. రైలు మ్రింగిన యడవికి మాత్రము అంతటి శిక్ష పడలేదు. శ్రీహరికోటలో తేనె, దుంపలు ఏరుకొని బ్రతుకు యానాదులకును తమ యడవి సర్కారు సొత్తయ్యెను.

1861లో క్లెగ్‌హార్న్ దక్షిణభారత వనములను గూర్చిన గ్రంథము ప్రకటించెను. పిదప పంజాబుచేరి, హిమాలయములలోని దేవదారు వనములను పరిశీలించి 1864లో నివేదిక వెలువరించెను. స్వదేశమున కేగిన మీదటను వనవిద్యను వ్యాపింపజేయుటకు పాటుపడి, 1895 మే 16వ తేదీన తాతగారి యెస్టేటగు స్ట్రావితీలో కన్నుమూసెను. గోవిందు మొదలగువారు వ్రాసిన ఆ మొక్కల బొమ్మలు నేటికిని ఎడింబరో వృక్షోద్యానమున భద్రముగా నున్నవి.