మాక్స్ బ్రోడెల్

మాక్స్ బ్రోడెల్ (జూన్ 8, 1870 - అక్టోబరు 26, 1941) ప్రముఖ వైద్య చిత్రకారుడు. జర్మనీలో జన్మించి అమెరికాలో స్థిరపడ్డాడు. ఈయన వైద్యుడు కాడు. అయినప్పటికీ మూత్రపిండములో రక్తనాళములు తక్కువగా ఉండే తలమును స్పష్టముగా చిత్రించి, శస్త్రచికిత్సలో రక్తస్రావమును తగ్గించే మార్గము చూపాడు. ఆ తలము బ్రోడెల్ రేఖగా ప్రసిద్ధి చెందినది.

తొలి జీవితము

బ్రోడెల్ లైప్‌జిగ్ నగరములో జన్మించి, అక్కడి లలితకళా అకాడమీలో చదివాడు. శరీరధర్మ శాస్త్రవేత్త కార్ల్ లుడ్విగ్ వద్ద బొమ్మలు గీస్తూ శరీర నిర్మాణము నేర్చుకున్నాడు. 1894లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ సంస్థకు వచ్చి, స్త్రీవ్యాధుల శస్త్రవైద్యుడైన హోవార్డ్ కెల్లీ గ్రంథములకు చిత్రములు వేశాడు. తడి కణజాలపు మెరుపును చూపుటకు బొగ్గుపొడితో చిత్రించే పద్ధతిని రూపొందించాడు.

మూత్రపిండముపై పరిశోధన

ఆ రోజులలో రాళ్ళను తీయుటకు మూత్రపిండమును కోసి తెరిచేవారు. కోత ధమనిపై పడినచో రక్తము ధారగా కారేది. మూత్రపిండ ధమనుల శాఖలు ఒకదానితో ఒకటి కలవవు. అందువలన శాఖ తెగినచో అది పోషించే భాగము కూడా నశించేది. బ్రోడెల్ మూత్రపిండ రక్తనాళములలోనికి సెల్లాయిడిన్ ద్రవమును ఎక్కించి, అది గట్టిపడిన తరువాత కణజాలమును తొలగించి అచ్చులు తయారుచేశాడు. ఫలితములను 1901లో ప్రచురించాడు.

ధమని ముందు, వెనుక శాఖలుగా చీలుతుందని, ముందు శాఖ ఎక్కువ భాగమును పోషిస్తుందని ఈ అచ్చులు చూపాయి. వీటి సరిహద్దు మూత్రపిండపు వెలుపలి అంచుకు కొంచెము వెనుకగా ఉంటుంది. ఉపరితలముపై కనిపించే తెల్లని గీత, ఈ రక్తరహిత తలము ఒకటి కావు. ఆ గీత వెంట కోసినచో నాళములు తెగే ప్రమాదమున్నది. ఆస్ట్రియాకు చెందిన జోసెఫ్ హిర్టల్ ఇటువంటి విభజనను అంతకు ముందే గుర్తించాడు.

నేటి ప్రాముఖ్యత

1976లో స్వీడన్ వైద్యులు ఫెర్న్‌స్ట్రోమ్, జోహాన్సన్ చర్మముపై చిన్న రంధ్రము ద్వారా మూత్రపిండపు రాళ్ళను తీసే పద్ధతిని ప్రకటించారు. హైదరాబాదులో పంజాగుట్టలోని నిమ్స్‌తో పాటు అమీర్‌పేట పరిసరాల ఆసుపత్రులలోనూ ఈ చికిత్స చేస్తారు. సూదిని వెనుక వైపు నుండి మూత్రపిండ పాత్రిక కొనభాగము గుండా పంపుతారు. ఈ మార్గము బ్రోడెల్ రేఖకు దగ్గరగా ఉండుటచే పెద్ద నాళములు తప్పుతాయి. పాత్రిక మెడ వద్ద పెద్ద నాళములు ఉన్నందున అక్కడ గుచ్చరు. సిరల నుండి రక్తము వచ్చినచో గొట్టమును కొంతసేపు మూసి ఉంచుతారు. లోపల గడ్డకట్టిన రక్తపు ఒత్తిడికి స్రావము ఆగుతుంది. ధమని గాయపడి రక్తస్రావము ఆగనిచో, కాథెటర్ ద్వారా ఆ శాఖను మాత్రమే మూసివేస్తారు.

చివరి సంవత్సరములు

1911లో జాన్స్ హాప్కిన్స్‌లో వైద్య చిత్రకళా విభాగము బ్రోడెల్ నేతృత్వములో ఏర్పడినది. ఇటువంటి విభాగములలో ఇదే ప్రపంచములో మొదటిది. 1940 వరకు ఆయన దీనికి అధిపతిగా ఉన్నాడు. 1941లో బాల్టిమోర్‌లో మరణించాడు. ఆయన శిష్యులు ఇతర విశ్వవిద్యాలయములలో ఇటువంటి విభాగములను నెలకొల్పారు.