నౌకాసేనాని కటారి రామదాసుగారు

ప్రత్తికి ఆదోనియు, మగ్గములకు ఎమ్మిగనూరును పేరు వడసినవి. సముద్రమును కన్నులార చూడకయే ముదుసలులైనవారు మన సీమలో నెందఱో కలరు. నౌకాదళము తీరవాసుల వృత్తియనియు, మెట్టసీమ బిడ్డలకది తగదనియు మన గృహస్థులు తలచుట మేమెఱుగుదుము. ఈ తలంపు సరికాదని తెలియుటకు కటారి రామదాసుగారి జీవితము చాలును.

వీరు 1911 అక్టోబరు 8వ తేదీన చెంగల్పట్టున జనించిరి. చదివినది మాత్రము సముద్రమునకు దూరమైన సికిందరాబాదు, హైదరాబాదులలో. 1927లో బొంబాయి రేవున డఫరిన్ అను శిక్షణనౌక భారతీయ బాలురకై నెలకొల్పబడగా, వీరు మొదటి తరగతిలోనే చేరి అగ్రగణ్యులైరి. పిమ్మట కలకత్తా రేవువారి కొలువున హుగ్లీనది లోతులు కొలుచు పనికి కుదిరిరి. ఇసుకమేటలు నిత్యము చోటు మార్చు ఆ నదియే వీరికి రెండవ పాఠశాల. రెండవ ప్రపంచయుద్ధము రాగా నౌకాదళమున ప్రవేశించి, జలాంతర్గాముల జాడ పట్టు విద్యలో నిపుణులైరి.

స్వరాజ్యము వచ్చినంతనే మన దళములన్నియు మనవారి చేతికి రాలేదు. భూసేనకు 1949లో కరియప్పగారును, విమానదళమునకు 1954లో సుబ్రతో ముఖర్జీగారును అధిపతులైరి. నౌకాదళమునకు మాత్రము 1958 ఏప్రిలు వఱకు ఆంగ్లేయులే అధిపతులు. ఇది మనవారి అసమర్థతవలన కాదు; ఉన్నతశిక్షణకు ద్వారము ఆలస్యముగా తెఱువబడుటవలన. సేనానిని ఒక్కనాట తయారు చేయుట ఎవరి తరము? ఆ నెల 22వ తేదీన రామదాసుగారు తొలి భారతీయ నౌకాదళాధిపతి యైరి.

వీరి హయాముననే, 1961 మార్చి 4న, విక్రాంత్ అను విమానవాహక నౌక మన దళమున చేరినది. దాని నిడివి సుమారు 700 అడుగులు. కదలుచున్న ఆ డెక్కుపై దిగు విమానము తన తోకక్రింది కొక్కెముతో అడ్డముగా బిగించిన ఉక్కుతీగను పట్టుకొనవలెను; తప్పినచో మరల పైకెగురవలెను. ఈ విద్య సముద్రముమీద మొదలుకాదు, నేలమీదనే మొదలగును. కోయంబత్తూరు చెంత సూలూరున, యుద్ధకాలమందు బ్రిటిషు నౌకాదళ విమానములు నిలిచిన క్షేత్రముననే, 1961లో మన నౌకాదళము హంస అను స్థావరమును నెలకొల్పెను. ఇట్టి స్థావరములందు వైమానికుడు డెక్కు కొలత గీచిన నేలపై దిగుట పలుమార్లభ్యసించును. ఒక్కడు ఎగురుటకు, ఇంజను పరీక్షించువారు, పారాచూటు మడుచువారు, గాలిపోకడ తెలుపువారు, మంట లార్పువారు తెల్లవాఱకమునుపే పనికి దిగవలెను. వీరి పేర్లు పత్రికల కెక్కవు. వీరిలో నొక్కరు ఏమఱినను ప్రాణమే పోవును.

అదే సంవత్సరము డిసెంబరున గోవా విమోచనమందు నౌకాదళమునకు పరీక్ష వచ్చినది. గెలుపు ఊరక రాలేదు. అంజదీవమున 7గురు నావికులు ప్రాణములర్పించిరి. గోవాలోని దబోలిమ్ విమానక్షేత్రము మన నౌకాదళమునకు దక్కినది. 1964లో హంస అచ్చటికి తరలినది.

రామదాసుగారు 1962 జూన్‌లో పదవి విరమించి, తరువాత బర్మాలో మన రాయబారిగా నుండి, 1983 జనవరి 21న దివంగతులైరి.

మన ఆదోని మీదుగా పోవు రైలుదారి ఒక దెస చెన్నపురి రేవును, వేఱొక దెస బొంబాయి రేవును చేరుచున్నది. నౌకాదళ పరీక్షకై మన బిడ్డ, బాలుడైనను బాలికయైనను, పెట్టె చేతబట్టి ఆ స్టేషనులో నిలిచిననాడు పెద్దలు అడ్డుపడకుందురుగాక. రామదాసుగారికి మనము చేయదగిన స్మారకము ఇంతకంటె వేఱొకటి మాకు తోచదు.