వేణు బాపు

కృష్ణానదీతీరమున బీచుపల్లి యను క్షేత్రము కలదు. అచ్చటి ఆంజనేయస్వామి ఆలయము ప్రసిద్ధమైనది. పుష్యమాసమున రాత్రి భోజనవేళ దాటిన పిమ్మట ఆ రేవున నిలిచి ఉత్తరముగ చూచినచో, నడినెత్తికి కొంత దిగువగ పసిమివన్నె చుక్క యొకటి మెరయుచుండును. మన జ్యోతిషగ్రంథములందు దానికి బ్రహ్మహృదయమని పేరు. కంటికి ఒక్కటిగ తోచు ఆ చుక్క నిజమునకు జంట. సూర్యునికంటె ఎంతో పెద్దవైన రెండు పసుపు తారలు 104 దినములకొకమారు ఒకదానినొకటి చుట్టివచ్చుచుండును. వాని వెలుగు అత్యల్పముగ మారుచుండునుగాని, ఆ మార్పు యంత్రములకే తెలియును.

ఇట్టి తార నిజముగ ఎంత వెలుగు చిమ్ముచున్నది? దూరపు కొండపైని దివిటీయు, దాపుననున్న ప్రమిదయు చీకటిలో ఒక్కతీరుగనే కనబడవచ్చును గదా! ఈ చిక్కు విప్పుటకు దారిచూపినవారిలో వేణు బాపు ఒకరు. బీచుపల్లి వంతెన దాటి ఉత్తరముగ పోవు బాట చేరునది ఆయన పెరిగిన హైదరాబాదు నగరమునకే.

బాపు 1927 ఆగస్టు 10వ తేదీన మద్రాసులో జన్మించెను. వారిది మలయాళ కుటుంబము. తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో ఉద్యోగి. తక్కిన పిల్లలకు బొమ్మలెట్టివో ఈ బాలునకు దూరదర్శినులట్టివి. నిజాం కళాశాలలో చదువుకొను నాళ్లలోనే వెలుగు మారు నక్షత్రములను రాత్రులందు పరిశీలించి వ్యాసములు ప్రకటించెను. పిమ్మట హైదరాబాదు ప్రభుత్వపు విద్యార్థివేతనముతో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకేగెను. 1949లో అచ్చట తాను తీసిన ఛాయాచిత్రమున క్రొత్త తోకచుక్క నొకదానిని కనుగొనెను. బాక్, న్యూకిర్క్ అనువారి పేర్లతోపాటు ఆయన పేరును దానికి చేరినది.

కాలిఫోర్నియాలో విల్సను అను శాస్త్రజ్ఞునితో కలిసి చేసిన పని అంతకంటె గొప్పది. నక్షత్రకాంతిని పట్టకముతో విడదీసినచో రంగులపట్టీ యేర్పడును. పసుపు, ఎరుపు తారల పట్టీలో కాల్షియమునకు చెందిన నల్లగీత నడుమ సన్నని వెలుగుగీత యుండును. వారిరువురును 185 తారలను పరీక్షించి, ఆ వెలుగుగీత ఎంత వెడల్పైనచో తార నిజకాంతి అంత అధికమని 1957లో ప్రకటించిరి. నిజకాంతిని, కనబడు కాంతిని సరిపోల్చినచో దూరము తేలును. గీత వెడల్పును బట్టి తారల దూరమును తెలిసికొనుట సామాన్యమా!

ఆ పెద్ద దూరదర్శినులను విడిచి బాపు 1953లో స్వదేశమునకు మరలెను. ఇచ్చట అట్టివి లేవు. కావున వానిని కట్టుటకే పూనుకొనెను. నైనితాల్ వేధశాలకు స్థలము వెదకెను. 1960లో కొడైకెనాల్ వేధశాలకు అధిపతి యయ్యెను. సూర్యుని పరిశీలించుటకు ఆ కొండ తగినదేగాని, రాత్రిపనికి చాలదని తోచి, తమిళదేశపు జవ్వాది కొండలలో కావలూరు అను పల్లెను ఎన్నుకొనెను. 1972లో అచ్చట ఒక మీటరు దర్పణముగల దూరదర్శినిని నెలకొల్పెను. 1979లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకు అధ్యక్షుడయ్యెను.

అంతటితో తృప్తి పొందక 2.34 మీటర్ల దర్పణముగల దూరదర్శినిని స్వదేశముననే చేయింప మొదలిడెను. అది ముగియకమునుపే 1982 ఆగస్టు 19న జర్మనీలోని మ్యూనిక్ నగరమున మరణించెను. 1986లో ఆ దూరదర్శినికి ఆయన పేరే పెట్టిరి. దానిగుండ ఆయన ఒక్క చుక్కనైనను చూడలేదు.