అడుగడుగునా సాధన

విరిగిన ఎముకను అతికించడం ప్రకృతి చేసే పని. అతికిన ఎముకపై నిలబడి, పోయిన నైపుణ్యాన్ని తిరిగి సంపాదించుకోవడం మనిషి చేయవలసిన పని. మొదటిదానికి కొన్ని నెలలు చాలవచ్చు. రెండవది ఎన్నాళ్ళకు నెరవేరుతుందో, అసలు నెరవేరుతుందో లేదో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఆ సందిగ్ధాన్ని సహించి, ఇంట్లో నాలుగడుగులు వేయడంతో మొదలుపెట్టి, తన క్రీడలో మళ్ళీ అగ్రస్థానానికి చేరుకొన్న ధీరుడు అమెరికాకు చెందిన గోల్ఫ్ క్రీడాకారుడు బెన్ హోగన్.

హోగన్ 1912 ఆగస్టు 13న టెక్సస్ రాష్ట్రంలోని స్టీఫెన్‌విల్ పట్టణంలో జన్మించాడు. తండ్రి కమ్మరి. హోగన్ తొమ్మిదేళ్ళ ప్రాయంలో ఉండగా, 1922లో, తండ్రి తన ప్రాణాలను తానే తీసుకొన్నాడు. కుటుంబానికి ఆధారం లేకుండా పోయింది. ఫోర్ట్‌వర్త్ నగరంలో ఆ బాలుడు రైల్వేస్టేషన్ వద్ద వార్తాపత్రికలు అమ్మాడు. పదకొండేళ్ళ వయసులో గోల్ఫ్ మైదానంలో ఆటగాళ్ళ కర్రల సంచులు మోసే పనికి కుదిరాడు. సంచి మోస్తూ ఆటను గమనించాడు, గమనిస్తూ నేర్చుకొన్నాడు.

1930లో, పదిహేడేళ్ళకే, అతడు వృత్తి క్రీడాకారుడయ్యాడు. అయితే విజయం అతణ్ణి వెంటనే వరించలేదు. కొట్టిన బంతి ఎడమవైపుకు వంపు తిరిగిపోయే లోపం ఏళ్ళ తరబడి వేధించింది. చేతిలో డబ్బు లేక పోటీలు మానుకొని ఇంటిముఖం పట్టిన సందర్భాలూ ఉన్నాయి. 1935లో అతణ్ణి వివాహమాడిన వాలెరీ ఆ కష్టకాలంలో తోడుగా నిలిచింది. గంటల కొద్దీ బంతులు కొడుతూ హోగన్ తన లోపాన్ని దిద్దుకొన్నాడు. వృత్తిలో ప్రవేశించిన పదేళ్ళకు, 1940లో గాని, ఒంటరిగా ఒక ప్రధాన పోటీని గెలువలేకపోయాడు. ఆ తరువాత 1946లో పి.జి.ఎ. ఛాంపియన్‌షిప్, 1948లో అదే పోటీతో పాటు యు.ఎస్. ఓపెన్ అతని వశమయ్యాయి.

ఇంతలో విధి వక్రించింది. 1949 ఫిబ్రవరి 2న హోగన్ భార్యతో కలిసి కారులో ఇంటికి తిరిగివస్తున్నాడు. టెక్సస్‌లోని వాన్‌హార్న్ సమీపంలో దట్టమైన పొగమంచు కమ్మి ఉంది. ఒక వంతెనపై, లారీని దాటబోయిన బస్సు ఎదురుగా దూసుకొని వచ్చింది. ప్రమాదాన్ని గ్రహించిన హోగన్ భార్యను కాపాడడానికి ఆమెకు అడ్డంగా ఒరిగాడు. మరుక్షణమే స్టీరింగ్ కడ్డీ అతడు కూర్చున్న చోటును చీల్చుకొని పోయింది. భార్యను రక్షించాలన్న తలంపే అతని ప్రాణాన్ని కూడా నిలిపింది.

ప్రాణం నిలిచినా శరీరం ఛిద్రమైంది. కటి ఎముక రెండుచోట్ల విరిగింది. మెడకూ భుజానికీ నడుమనున్న ఎముక, ఎడమకాలి చీలమండ విరిగాయి. ఒక పక్కటెముక దెబ్బతిన్నది. ఎల్ పాసో నగరంలోని ఆసుపత్రిలో చికిత్స పొందుతుండగా మరో ఆపద ముంచుకొచ్చింది. కాళ్ళలో ఏర్పడిన రక్తపు గడ్డలు ఊపిరితిత్తులకు చేరసాగాయి. న్యూ ఆర్లియన్స్ నుంచి విమానంలో వచ్చిన శస్త్రవైద్యుడు ఆల్టన్ ఆక్స్‌నర్, కాళ్ళ నుంచి గుండెకు రక్తాన్ని చేరవేసే పెద్ద సిరను కట్టివేశాడు. ఆ శస్త్రచికిత్స హోగన్‌ను బ్రతికించింది. కాని కాళ్ళలో రక్తప్రసరణను శాశ్వతంగా కుంటుపరచింది.

గోల్ఫ్ చేతులతో ఆడే ఆటగా కనిపిస్తుంది. నిజానికి బంతికి వేగమిచ్చే బలం పాదాల నుంచి నడుము మీదుగా చేతులకు చేరుతుంది. పైగా పద్దెనిమిది హోల్స్ పూర్తి చేయడానికి ఎగుడుదిగుడు నేలపై కొన్ని కిలోమీటర్లు నడవాలి. హోగన్‌కు దెబ్బతిన్నవి సరిగ్గా ఆ నడుమూ ఆ కాళ్ళే. అతడు మళ్ళీ ఆడడం అటుంచి, నడవడమే సందేహమని పలువురు భావించారు.

ఏప్రిల్ 1న అతడు ఆసుపత్రి నుంచి విడుదలయ్యాడు. బాగా చిక్కిపోయిన ఆ మనిషికి నడకే మొదటి సాధన అయింది. తొలుత ఇంటి లోపలే నడిచాడు. కొంత బలం చేకూరాక వీధిలో అడుగుపెట్టాడు. దూరాన్ని కొద్దికొద్దిగా పెంచుకొంటూ పోయాడు. ఆ సెప్టెంబరులో ఇంగ్లండులోని గాంటన్‌లో జరిగిన రైడర్ కప్ పోటీలకు అమెరికా జట్టు నాయకుడిగా వెళ్ళినా, తాను బరిలోకి దిగలేదు. శరీరం సిద్ధం కానిదే దానిపై భారం మోపలేదు. ఏడాది ముగిసేలోగా మళ్ళీ కర్ర పట్టాడు.

1950 జనవరిలో లాస్ ఏంజెలెస్ ఓపెన్‌లో పాల్గొన్నాడు. పాల్గొనడమే గొప్ప అనుకొన్నవారికి విస్మయం కలిగిస్తూ శామ్ స్నీడ్‌తో సమానంగా నిలిచాడు. విజేతను తేల్చే అదనపు ఆటలో ఓడినా, తన ఆట చెక్కుచెదరలేదని నిరూపించుకొన్నాడు.

అసలు పరీక్ష ఆ ఏడాది జూన్‌లో పెన్సిల్వేనియాలోని మెరియన్ మైదానంలో ఎదురైంది. నాటి యు.ఎస్. ఓపెన్ నియమం ప్రకారం చివరి రోజున ముప్పై ఆరు హోల్స్ ఆడాలి. హోగన్ ఉదయమే వేడినీటిలో కాళ్ళు నానబెట్టుకొని, వాటికి పొడవునా పట్టీలు చుట్టుకొని వచ్చాడు. మధ్యాహ్నానికి కాళ్ళు బిగుసుకుపోయాయి. ఆధిక్యం క్రమంగా తరిగిపోయింది. చివరి హోల్‌ను నాలుగు దెబ్బలలో ముగిస్తేనే పోటీలో నిలుస్తాడు. ఆ స్థితిలో అతడు సుదూరం నుంచి కొట్టిన రెండవ దెబ్బకు బంతి గమ్యస్థలమైన పచ్చికపైకి చేరింది. నాలుగు దెబ్బలలో ముగించి మరిద్దరితో సమానమయ్యాడు. మర్నాడు మరో పద్దెనిమిది హోల్స్ ఆడి, 69 దెబ్బలతో లాయిడ్ మాంగ్రమ్‌ను, జార్జ్ ఫాజియోను ఓడించాడు. ప్రమాదం జరిగి అప్పటికి పదహారు నెలలు.

ఆ గెలుపు హోగన్ కాళ్ళ నొప్పిని పోగొట్టలేదు. అందుకే అతడు తన శక్తిని పొదుపుగా వాడుకొన్నాడు. ఏటా కొద్ది పోటీలనే ఎంచుకొన్నాడు. రోజుల తరబడి ఎక్కువ దూరం నడవవలసి వచ్చే పి.జి.ఎ. ఛాంపియన్‌షిప్‌కు చాలా ఏళ్ళు దూరంగా ఉన్నాడు. 1953లో ఆరు పోటీలలో మాత్రమే పాల్గొని ఐదింటిని గెలిచాడు. వాటిలో మాస్టర్స్, యు.ఎస్. ఓపెన్, బ్రిటిష్ ఓపెన్ ఉన్నాయి. అతడు సాధించిన తొమ్మిది మేజర్ టైటిళ్ళలో ఆరు ప్రమాదం తరువాత వచ్చినవే.

హోగన్ 1997 జూలై 25న ఫోర్ట్‌వర్త్‌లో కన్నుమూశాడు. పట్టుదల అంటే శరీరాన్ని లెక్కచేయకపోవడం కాదని అతని జీవితం తెలియజేస్తుంది. ఈనాడు శరీరం ఎంత భరించగలదో తెలుసుకొని అంతవరకే నడవడం, రేపు దానికి మరొక్క అడుగు చేర్చడం, ఎన్నటికీ తీరని లోపాన్ని అంగీకరించి దానితోనే గెలిచే దారి వెదకడం - హోగన్ పట్టుదల ఇటువంటిది.