ఆరు చుక్కల లూయీ

మా హుస్నాబాద్‌లో చెప్పులు కుట్టేవాళ్ల చేతిలో ఆరె కనబడితే నాకు లూయీ బ్రెయిల్ యాదికొస్తాడు. 1809 జనవరి 4న పారిస్ దగ్గరి కూప్‌వ్రేలో పుట్టాడు. తండ్రి గుర్రాల జీన్లు కుట్టేవాడు. మూడేళ్ల పిల్లగాడు ఆ పనిముట్లతో ఆడుతుంటే ఆరె కంట్లో గుచ్చుకుంది. ఇన్ఫెక్షన్ రెండో కంటికీ పాకి, ఐదేళ్లకే చూపు పూర్తిగా పోయింది.

పదేళ్లకు పారిస్‌లోని అంధుల పాఠశాలలో చేరాడు. అక్కడి పుస్తకాల్లో మామూలు అక్షరాలనే ఉబ్బెత్తుగా అచ్చేసేవారు. ఒక్కో అక్షరం తడుముతూ పోవాలి. అట్ల రాయడమైతే కుదరనే కుదరదు. చూపున్నవాళ్ల కంటికి నచ్చేటట్టు చేసిన అక్షరాలు గదా మరి!

తర్వాత షార్ల్ బార్బియే అనే మాజీ సైనికాధికారి పన్నెండు చుక్కల పద్ధతి తెచ్చాడు. ఆలోచన మంచిదే గానీ అన్ని చుక్కలు ఒక్క వేలికొన కింద ఇమడవు. పైగా అది శబ్దాల రాత, స్పెల్లింగ్ ఉండదు. లూయీ వాటిని ఆరుకు తగ్గించాడు. రెండు నిలువు వరుసలు, వరుసకు మూడు చుక్కలు. ఖాళీ గడితో కలిపి 64 రూపాలు, అంటే మన లెక్కలో ఆరు బిట్లు. అప్పటికి అతనికి పదిహేనేళ్లు! 1829లో పుస్తకంగా వేశాడు.

అదే బడిలో పంతులయ్యాడు, చర్చిల్లో ఆర్గన్ వాయించాడు. 1840 తర్వాత కొన్నాళ్లు బడి పెద్దలే ఆ లిపిని వద్దన్నారు. పిల్లలు మాత్రం చాటుగా రాసుకున్నారు. క్షయతో 1852 జనవరి 6న పోయాడు, వయసు 43. ఫ్రాన్స్ ఆ లిపిని అధికారికంగా ఒప్పుకున్నది 1854లో.

మన భాషలకు భారతి బ్రెయిల్ 1951లో స్థిరపడింది. తెలుగును అందులోకి మార్చే చిన్న యాప్ ఇప్పుడు నా ప్రాజెక్టు. అక్షరానికి అక్షరం మార్చేస్తే అయిపోదు. 'అమ్మ'లో యూనికోడ్ ప్రకారం పొల్లు మొదటి మకారం తర్వాత వస్తుంది, బ్రెయిల్‌లో ఆ పొల్లుకు గుర్తైన నాలుగో చుక్క మకారానికి ముందే రావాలి. ఇట్లాంటి పని చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్‌లూయీ ముందే ఉంది. పేరు ఎవరిదో చెప్పనక్కర్లేదు.

తెర మీద చుక్కలు ముగ్గు లెక్క అందంగానే కనబడతాయి. కానీ తెర నున్నగా ఉంటుంది, వేలికి ఏం తగుల్తది? అందుకే పిన్నులు పైకి లేచే బ్రెయిల్ డిస్‌ప్లేకు కలుపుతున్నా. బ్రెయిల్ చదివే ఒక అన్న వచ్చే నెల తడిమి చూస్తానన్నాడు. చుక్క ఎక్కడ తప్పిందో ఆయన వేలికే తెలవాలి.